రోజూ ఇదేనా?

మా నాయన బెంగళూరులో నా ఫ్లాటుకి వచ్చిన మర్నాడు పొద్దున్నే అక్వేరియం ముందు కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. రోజూ లాప్‌టాప్ తెరిచే ముందు చేసే పనే నేను ఆ రోజూ చేశాను. డబ్బా మూత తీసి చిటికెడు గుళికలు నీళ్ళ మీద చల్లాను. చేపలు పైకొచ్చాయి, మింగాయి, చెదిరిపోయాయి. ముప్ఫై సెకన్ల పని. సాయంత్రం మళ్ళీ అదే. మూడో రోజు సాయంత్రం కాబోలు, నాయన అడిగాడు.

"ఏమప్పా, వీటికి రోజూ ఇదేనా?"

"ఇందులో అన్నీ ఉంటాయి నాయనా."

"అన్నీ అంటే?"

డబ్బా తిప్పి చదివాను. చేపల పొడి, గోధుమ పిండి, సోయా, విటమిన్లు.

"చేపలకి చేపల పొడా!" అన్నాడు. ఆ తర్వాత ఏం మాట్లాడలేదు. కానీ ఆ మొదటి ప్రశ్న మాత్రం ఆ గదిలోనే ఉండిపోయింది.

మాది వజ్రకరూరు. గుంతకల్లులో రైలు దిగి బస్సెక్కాలి. ఊరి పేరులోనే వజ్రం ఉంది. నూరు కోట్ల సంవత్సరాల కిందట భూమి లోతుల్నుంచి తన్నుకొచ్చిన కింబర్లైట్ రాయి మా చేల కింద ఉంది. తొలకరి వాన పడితే చాలు, ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి మా ఎర్రనేల మీద తలలు వంచుకొని వజ్రాలు వెతుకుతారు. మేం మాత్రం తలలెత్తి మబ్బుల్ని వెతుకుతాం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడాల్సిన జిల్లా. ఎన్నో ఏళ్ళు అదీ పడదు. అలాంటి ఊరివాడిని, హాల్లో నూట ఇరవై లీటర్ల నీళ్ళు గాజుపెట్టెలో పోసి పెట్టుకున్నాను. నాయన చూసీ చూడగానే లెక్కేశాడు. "ఏడెనిమిది బిందెలు." వారానికోసారి అందులో పావు వంతు తీసి బాత్రూంలో పారబోస్తానని తెలిశాక నిజంగానే బాధపడ్డాడు. ఆ వారం నుంచి ఆ నీళ్ళు బాల్కనీలో కరివేపాకు కుండీకి, పక్కింటివాళ్ళ తులసికి, మెట్ల దగ్గరున్న ఎవరివో క్రోటన్లకి పోయేవి. చేపల మలంలో నైట్రోజన్ ఉంటుంది కాబట్టి అది మొక్కలకి ఎరువే. ఆయనకి నైట్రోజన్ అనే మాట అక్కర్లేకపోయింది.

అమ్మ 2022 జనవరిలో పోయింది. అక్వేరియం ఆ మార్చిలో కొన్నాను. రెంటికీ సంబంధం ఉందని అప్పట్లో నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. ఇంట్లో ఏదో ఒకటి కదులుతుండాలి అనిపించింది, అంతే. నాయన ఊర్లో ఒక్కడే ఉండిపోయాడు. 2023 మే నెలలో షుగరు మూణ్ణెల్ల సగటు తొమ్మిది దాటిందని తెలిసి బలవంతంగా బెంగళూరు తీసుకొచ్చాను. ఇక్కడ డాక్టర్ అన్నం తగ్గించమన్నారు. కొర్రలు, రాగులు, జొన్నలు, ఆకుకూరలు, మార్చి మార్చి తినమన్నారు. నేనొక పట్టిక తయారుచేసి ఫ్రిజ్‌కి అంటించాను. నాయన దాన్ని శ్రద్ధగా చదివి "బాగుంది" అని, అన్నం పెట్టుకొని తిన్నాడు.

చేపల సంగతికొస్తే, ఆ ప్రశ్న తర్వాతే నేను వాటిని సరిగ్గా చూశాను. కొన్నప్పుడు నా స్వోర్డ్‌టెయిల్ చేపలు పండు మిరపకాయల్లా ఉండేవి. ఏడాదిలో పాత ఇటుక రంగుకి దిగాయి. ఒక గప్పీ వెన్ను కొద్దిగా వంగింది. ఏదీ చావలేదు. అన్నీ తింటున్నాయి, ఈదుతున్నాయి, పిల్లల్ని కూడా పెడుతున్నాయి. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే హెల్త్ చెక్ పాస్ అవుతూనే ఉంది. అందుకే ఎవరూ లోపలికి చూడలేదు.

ఆ రాత్రి కూర్చుని చదివాను. చేప ఒంటి మీది ఎరుపు, నారింజ రంగులు కెరోటినాయిడ్లనే పదార్థాల వల్ల వస్తాయి. వాటిని చేప తన ఒంట్లో తయారు చేసుకోలేదు. నాచు తినో, నాచు తిన్న చిన్న పురుగుల్ని తినో తెచ్చుకోవాలి. విటమిన్ సి కూడా చాలా చేపలకి మనలాగే తిండి ద్వారానే రావాలి. అది లేకపోతే వెన్ను వంగొచ్చు. వెన్ను వంగడానికి వేరే కారణాలూ ఉంటాయి, ముసలితనం, జబ్బు, పుట్టుకతో వచ్చిన లోపం. నా గప్పీకి ఏదైందో చెప్పలేను. కానీ డబ్బాలో ఉన్న విటమిన్ సి, మూత తీసిన దగ్గర్నుంచి గాలికీ తేమకీ తగ్గిపోతూ వస్తుంది. నేను చౌకగా వస్తుందని కిలో డబ్బా కొన్నాను. అది తెరిచి పద్నాలుగు నెలలైంది. అట్ట మీద "అన్నీ ఉంటాయి" అని రాసింది నిజమే, ప్యాక్ చేసిన రోజున. 1747లో జేమ్స్ లిండ్ ఓడలో నావికులకి నిమ్మ, నారింజ పళ్ళు ఇచ్చి చూశాడని చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో చదివాం. ఆ నావికులు ఆకలితో ఉన్నవాళ్ళు కాదు, బిస్కెట్లు, ఉప్పు మాంసం కడుపునిండా తిన్నవాళ్ళే.

ఈ చేపల పుట్టిల్లు చాలా దూరం. గప్పీ ట్రినిడాడ్, వెనిజువెలా వాగులది. స్వోర్డ్‌టెయిల్ మెక్సికో వైపుది. అద్దానికి అతుక్కుని ఉండే ప్లెకో అమెజాన్ ప్రాంతపు నదుల బంధువు. వాగులో గప్పీకి ఒక పూట దోమ పిల్ల దొరుకుతుంది, ఒక పూట రాతి మీద పాచి, ఒక పూట ఏమీ దొరకదు. ప్లెకో పాచి గీక్కుంటుంది, దాని పేగు గడియారంలో స్ప్రింగులా చుట్టలు చుట్టుకొని ఒంటి పొడవుకి ఎన్నో రెట్లు ఉంటుంది. ఆకు అరగడానికి అంత పొడవు కావాలి. గప్పీలకి ఆహారం దాచుకునే కడుపు సంచి అంటూ విడిగా ఉండదు, కాబట్టి ఒకేసారి ఎక్కువ కాకుండా కొంచెం కొంచెంగా పెట్టాలి. ఒకే గాజుపెట్టెలో ఉన్న మూడు రకాల పేగులకి నేను ఒకటే గుళిక వేస్తున్నాను.

పొద్దున ఇదంతా నాయనకి చెప్పాను. ఆయన సగమే విన్నాడు. మిగతా సగం ఆయనకి ముందే తెలుసనుకుంటా. "సరే, ఏమేం తింటాయో చెప్పు, నేను జూసుకుంటా" అన్నాడు.

ఆ రోజు నుంచి అది ఆయన డిపార్ట్‌మెంట్. కూరకి తెచ్చిన పచ్చి బఠాణీల్లో నాలుగు పక్కకు పెట్టి, ఉడకబెట్టి, తొక్క తీసి, వేళ్ళతో మెదిపి వేసేవాడు. దోసకాయ చక్రాన్ని ఫోర్కుకి గుచ్చి అడుక్కి దించితే ప్లెకో రాత్రంతా దాన్ని చప్పరించి, పొద్దునకి తొక్క ఉంగరంలా మిగిల్చేది. పాలకూర వేడినీళ్ళలో ఒకసారి ముంచి వేసేవాడు. నేను శివాజీనగర్ వెళ్ళి ట్యూబిఫెక్స్ పురుగులు తెచ్చాను. ఎర్రటి దారపు ఉండలాంటివి. మురికి నీళ్ళలో పెరిగేవి కాబట్టి జబ్బులు తెస్తాయి, పారే నీళ్ళలో బాగా కడగాలి. నాయన వాటిని టీ వడపోసే జాలీలో వేసి కొళాయి కింద పెట్టి కడుగుతుంటే నేను ఆ జాలీని ఇంక టీకి వాడకూడదని గుర్తు పెట్టుకున్నాను. మేడ మీద బకెట్లో నీళ్ళు పెట్టి దోమ పురుగుల్ని కూడా పట్టాడు. వారం దాటితే అవి దోమలై మనల్నే తింటాయి కాబట్టి నాలుగో రోజుకల్లా గుడ్డతో వడగట్టేసేవాడు. వాటిని వేసిన రోజు చేపల్ని చూడాలి. గుళికలకి పైకొచ్చి నోరు తెరిచేవి, దోమ పురుగుల వెంట పరిగెత్తాయి. వేటాడాయి. ఏడాదిగా మా ఇంట్లో ఉన్న చేపలకి ఆ పని వచ్చని నాకు తెలీదు.

శనివారం ఏమీ పెట్టకూడదని నేనే చెప్పాను. వారంలో ఒక రోజు పస్తుంటే వాటి పేగులకీ మంచిది, నీళ్ళకీ మంచిది. నాయన కాసేపు ఆలోచించి "మీ అమ్మ ఒక్కపొద్దు" అన్నాడు. అమ్మ శనివారాలు ఒక్కపొద్దు ఉండేది. ఏడాదిన్నరలో ఆయన నా ముందు అమ్మ మాట ఎత్తడం అదే మొదటిసారి. మేమిద్దరం చేపల్ని చూస్తూ కూర్చున్నాం.

అన్నీ బాగా జరిగాయని కాదు. ఒక రోజు నేను ఆఫీసుకి వెళ్ళినప్పుడు ఉడికిన గుడ్డు పచ్చసొన పిల్ల చేపలకి పెట్టాడు. చీపురుపుల్ల మొనంత వెయ్యాల్సింది. ఆయన సగం సొన నలిపి వేశాడు. నేను వచ్చేసరికి నీళ్ళు పాల రంగులో ఉన్నాయి. సొన కుళ్ళి, అమ్మోనియా పెరిగి, చేపలన్నీ పైకొచ్చి గాలి కోసం నోళ్ళు తెరుస్తున్నాయి. సగం నీళ్ళు మార్చినా రెండు గప్పీలు పోయాయి. నాయన రెండు రోజులు ఆ కుర్చీలో కూర్చోలేదు. మూడో రోజు నేనే బఠాణీలు ఉడకబెట్టి ఆయన చేతిలో పెట్టాను.

ఒక సాయంత్రం గప్పీల్ని చూస్తూ, "ఇట్లాంటివే మలేరియావాళ్ళు మన బాయిలో ఏసినారు, నీకు గుర్తులేదులే" అన్నాడు. వెతికి చూస్తే నిజమే. దోమ పిల్లల్ని తినడానికి మన దేశమంతటా బావుల్లో, చెరువుల్లో వేసిన గంబూసియా చేప గప్పీకి దగ్గర చుట్టం, ఒకే కుటుంబం. 1928లో ఇటలీ నుంచి తెచ్చారట. బావిలో వేసినవాటికి ఎవరు తిండి పెట్టారు అని అడిగాను. "ఎవురు పెడతారు? వాటి తిప్పలు అవే పడతాయి. నీళ్ళు ఎండేదాకా బాగుండె."

బావి మాట చేను మీదికి పోయింది. మా జేజినాయన కాలంలో ఆ ఆరెకరాల్లో కొర్ర, జొన్న, కంది, అలసంద, ఆముదం అన్నీ కలిసి ఉండేవట. వాన ముందొస్తే ఒకటి, వెనకొస్తే ఇంకొకటి నిలబడేది. తర్వాత శెనక్కాయ వచ్చింది. నూనె గింజలకి రేటుంది, విత్తనం ఇస్తారు, అప్పు ఇస్తారు. ఒక దశలో జిల్లాలో శెనక్కాయ ఏడు లక్షల హెక్టార్లు దాటింది. ఊడలు దిగే పది రోజుల్లో వాన లేకపోతే చేను మొత్తం ఒకేసారి పోతుంది. 2000 సంవత్సరం నాకు బాగా గుర్తుంది. వాన వల్ల కాదు, కాండం కుళ్ళు తెగులు వల్ల పోయింది. వైరస్ వయ్యారిభామ పుప్పొడిలో ఉండి, తామర పురుగుల వల్ల పాకింది. జిల్లాలో రెండు లక్షల హెక్టార్లకి పైగా దెబ్బతింది. నాకు పదేళ్ళు. పచ్చటి చేను అంచు నుంచి మాడుకుంటూ లోపలికి పోవడం, నాయన గట్టు మీద నిలబడి చూడటం గుర్తుంది. చేను చుట్టూ నాలుగు సాళ్ళు జొన్న గానీ సజ్జ గానీ వేస్తే ఆ పురుగులకి అడ్డుకట్ట అవుతుందని తర్వాత శాస్త్రవేత్తలు చెప్పారు.

"మా నాయన ఏసేటోడు జొన్న. అడ్డమని కాదు, తినేకి" అన్నాడు నాయన, చేపలకి పాలకూర తుంచి వేస్తూ.

నాకు దొరికింది అవకాశం. "మరి చేపలకి వారంలో ఆరు రకాలు పెడతావు. నువ్వు మాత్రం రెండు పూటలా తెల్లన్నమే."

ఆయనకి కోపమొచ్చింది. అంత కోపం చాలా ఏళ్ళ తర్వాత చూశాను. తన చిన్నప్పుడు వరన్నం ఉగాదికీ దసరాకీ వండేవాళ్ళని, ఇంటికి చుట్టమొస్తే ఆ చుట్టానికి అన్నం, తమకి సంగటి అని, 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చాక తొలిసారి నెలంతా అన్నం తిన్నామని చెప్పాడు. "మీరు ఇప్పుడు కొర్రలు తినమంటాండారు. మేము దాంట్లో నుంచి బయటికొచ్చేకి ఎంత అగసాట్లు పడినామో నీకేం ఎరుక!"

అది ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమని ప్రకటించిన 2023. మా ఆఫీసు క్యాంటీన్లో కొర్ర ఉప్మాకి ప్రత్యేకంగా ఒక బోర్డు ఉండేది. ఆయన తప్పించుకొచ్చిన గిన్నెనే నేను తిరిగి ఆయన ముందు పెడుతున్నాను, పట్టిక వేసి మరీ. జవాబు దొరకలేదు.

ఇదే పత్రికల్లో నేను రాసే సమీక్షలు గుర్తొచ్చాయి. సీమ నుంచి వచ్చినవాడిని కాబట్టి ఏ సీమ పుస్తకం వచ్చినా నాకే పంపేవాళ్ళు. 'పెన్నేటి పాట' అయినా, సింగమనేని నారాయణ కథలైనా, బండి నారాయణస్వామి 'శప్తభూమి' అయినా, నేను వెతికింది ఒకటే, కరువు. దొరికేది, రాసేవాణ్ణి. ఆ పేజీల్లో వాళ్ళు ఏం వండుకున్నారు, ఏం చూసి నవ్వుకున్నారు, ఎవరిని ప్రేమించారు అని ఆగి చూసిన గుర్తు లేదు. పాఠకుడి కడుపు నిండేది. పద్నాలుగు నెలల కిందట తెరిచిన డబ్బా నా దగ్గర ఇంకొకటి ఉందన్నమాట.

జూన్ మధ్యలో విత్తనాల వేళకి నాయన ఊరికి బయల్దేరాడు. పోతూ పోతూ ఐదు గప్పీ పిల్లల్ని నీళ్ళ సీసాలో పెట్టుకున్నాడు. మూత వదులుగా పెట్టమని, ఎట్టి పరిస్థితుల్లోనూ బావిలో గానీ చెరువులో గానీ వెయ్యొద్దని, అక్కడున్నవాటి నోటి కూడు తింటాయని మూడుసార్లు చెప్పాను. నేను ఆయన సంచీలో రెండు కిలోల కొర్రల ప్యాకెట్ పెట్టాను.

అప్పటి నుంచి రోజూ రాత్రి ఫోను. అంతకుముందు వారానికోసారి, ఆరోగ్యం, వాన, అంతే.

"ఏం పెడితివి ఈ పొద్దు?"

"పాలకూర నాయనా. నువ్వు?"

"గెనాల మీద దొరికిన పురుగులు. బలే తినె."

"అది కాదు, నువ్వేం తింటివి?"

"కొర్రన్నం, పప్పు. నువ్వు?"

"చపాతీ, కూర."

నేను అప్పుడు తింటున్నది నూడుల్స్. ఆ వారంలో నాలుగోసారి. ఫోన్లో తిండి కనపడదు.

జులై చివర్లో ఊరికి పోయాను. వానలు ఆలస్యమైన ఏడాది అది. విత్తనం అప్పుడప్పుడే పడింది. చేలల్లో వజ్రాలు వెతికేవాళ్ళు ఇంకా తిరుగుతున్నారు. ఇంటి వెనక వేపచెట్టు కింద, బట్టలుతికే బండ పక్కనున్న సిమెంటు తొట్టిలో గప్పీలు ఉన్నాయి. ఐదు కాదు, ముప్ఫై దాకా ఉంటాయి. మా బోరు నీళ్ళు తాగలేనంత ఉప్పు, కానీ గప్పీలకి గట్టి నీళ్ళంటే ఇష్టమే. తొట్టి గోడలకి పచ్చగా పాచి పట్టింది. తోకల మీద నారింజ రంగు నా హాల్లో చేపలకి ఎప్పుడూ లేనంతగా ఉంది.

వంటింట్లోకి పోయి గిన్నె మూత తీశాను. తెల్లన్నం. పక్క గిన్నెలో పప్పు, పొద్దుటిది. అటక మీద నేనిచ్చిన కొర్రల ప్యాకెట్ అట్లాగే ఉంది. సీలు తియ్యలేదు.

నాయన వాకిట్లో నిలబడి చూస్తున్నాడు. అబద్ధం దొరికిపోయినవాడి మొహం కాదు అది. అలసిపోయిన మొహం.

"రోజూ ఇదేనా నాయనా?" అన్నాను.

"ఒక్కనికి ఎన్ని వండుకుంటావప్పా" అన్నాడు.

బెంగళూరులో ఆ కోపంలో ఆయన చెప్పింది అబద్ధం కాదు. కానీ ఇది ఆయన అప్పుడు చెప్పనిది. అమ్మ ఉన్నప్పుడు ఆ ఇంట్లో ఒక పూట సంగటి, ఒక పూట రొట్టె, శెనగ్గింజల ఊరిబిండి, చింతచిగురు పప్పు, ఆదివారం ఉగ్గాని, అన్నీ ఉండేవి. ఎవరూ పట్టిక వెయ్యలేదు. ఇంకొక మనిషి తింటారు కాబట్టి రోజూ మార్చి వండేది, అంతే. నా నూడుల్స్ గురించి కూడా అప్పుడే చెప్పేశాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

ఆ రాత్రి కొర్రలు నేను వండాను. ఫోన్లో చూసి, బియ్యానికి పోసినట్టే నీళ్ళు పోసి, నానబెట్టకుండా. గింజ గింజ విడిగా, పళ్ళ కింద ఇసకలా కరకరలాడింది. నాయన మూడు ముద్దలు మాట్లాడకుండా తిన్నాడు.

"మా అవ్వ ఇట్ల చేసేది కాదు" అన్నాడు చివరికి.

"ఎట్ల చేసేది?"

చెప్పడం మొదలుపెట్టి, చెయ్యి తిప్పుతూ మధ్యలో ఆపేశాడు. లేచి అటక మీదికి చెయ్యి చాపి ప్యాకెట్ దించాడు. రెండు దోసిళ్ళు చాటలో పోసి, లైటు కింద కూర్చుని చెరిగాడు. గిన్నెలోకి వంపి, నీళ్ళు పోసి, మూత పెట్టాడు.

"పొద్దునదాకా నానాల" అన్నాడు. "మిగిలినవి రెండు నలిపి చేపలకి కూడా ఏద్దాం. తింటాయేమో సూద్దాం."